పికప్ బండికి కొత్త స్టీరియో: డబ్బులన్నీ ప్లేయర్‌కే తగలేయొద్దు, డోర్ సంగతి చూడండి

ముందే చెప్తున్నా, నాది షోకు బండి కాదు. కక్కలపల్లి మండీలో టమోటా బాక్సులు ఎక్కించుకుని బెంగళూరు పోయి దించి, తిరుగు లోడు దొరికితే సంతోషం, దొరక్కపోతే ఖాళీగా డబడబలాడుకుంటూ అనంతపురం వచ్చేసే పికప్. సీజన్‌లో చీనీకాయలు, అప్పుడప్పుడూ ఎవరిదో పెళ్ళి సామాను, ఒకసారి గొర్రెలు కూడా. ఇలాంటి బండిలో పాటల కోసం 15,000 పెట్టానని తెలిసినప్పుడు మా ఆవిడ ఒక్కటే అడిగింది, "టైర్లు మార్చాల అంటివి కదా?" అని. నిజమే, టైర్లు కూడా మార్చాలి. కానీ రాత్రి పదకొండుకు లోడు కట్టుకుని బయల్దేరి, పెనుకొండ దాటాక రెండు గంటల వేళ, పక్కన మా అల్లుడు (అక్క కొడుకు, క్లీనర్ పనికి వస్తాడు) నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, ఆ క్యాబిన్‌లో ఒక మనిషి గొంతు వినపడడం ఎంత అవసరమో ఆ సీట్లో కూర్చున్నోళ్ళకే తెలుస్తుంది. మరీ కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం పాట పెంచొద్దు, బండి పక్కన పెట్టి పడుకోండి. పాట పెంచి నెట్టుకొచ్చిన ఒక రాత్రి నేను డివైడర్ అంచు దాకా పోయి వచ్చా.

బండి ఏ కంపెనీదో రాయట్లేదు, షాపు పేరు కూడా రాయట్లేదు. షాపాయనే వద్దన్నాడు, ఉన్న పనికే మనుషుల్లేరంట. సుభాష్ రోడ్డు వైపు ఒక సందులో ఉంటుంది, అంతవరకు చాలు. అయినా ఈ రివ్యూలో షాపు కంటే పని ముఖ్యం, ఎందుకంటే ఇదే పనిని నేను రెండుసార్లు చేయించుకున్నా, మొదటిసారి వేరే ఊర్లో వేరే చోట, పూర్తిగా దెబ్బతిన్నా.

బండితో వచ్చిన సెట్టు గురించి రెండు ముక్కలు. ఎఫ్ఎం వస్తుంది, యూఎస్‌బీ ఉంది, నిలబడి ఉన్న బండిలో వింటే బానే ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేసి 70 దాటించావంటే పాటలో తాళం మాయమైపోయి పాడేవాళ్ళ గొంతు మాత్రం ముక్కుతో పాడినట్టు వినపడుతుంది. మొదట్లో స్పీకర్లు పోయాయనుకున్నా. పోలేదు, వాటి బతుకే అంత. తర్వాత విప్పినప్పుడు చూస్తే వెనక అయస్కాంతం ఇంత, మన బజ్జీల కొట్టోడు ఇచ్చే చట్నీ గిన్నె అంత కూడా లేదు. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము, ముందు పల్చని కాగితం కోన్, ట్వీటర్ (సన్నని పై స్వరాలు పలికే బుల్లి స్పీకర్) అనేదే లేదు. సరుకు బండి రేటులో అదే పెడతారు, దాన్ని నేను తప్పు పట్టను, బండి కొనేటప్పుడు ఎవడైనా పాటలు విని కొంటాడా.

ఇంకో సంగతి, డీజిల్ బండి రోడ్డు మీద పోతుంటే వచ్చే మోత ఎక్కువగా కింది స్వరాల్లోనే ఉంటుంది. ఇంజను గుర్రు, టైర్ల హోరు, వెనక ఖాళీ బాడీలో చైన్లు కొట్టుకోవడం, అన్నీ కలిసి పాటలో ఉండే బేస్‌ని మింగేస్తాయి. అందుకే బండి ఆపితే బాగుండే సిస్టమ్ బండి కదిలాక పల్చబడిపోతుంది. మనం ఏం చేస్తాం, వాల్యూమ్ పెంచుతాం. అది తన శక్తికి మించి అరవబోయి చీరుకుపోతుంది. ఈ చీరుడు అలవాటైపోయి చాలా మంది డ్రైవర్లు దాన్నే 'సౌండ్' అనుకుంటారు, నేను కూడా మొన్నటి దాకా ఆ లెక్కే.

మొదటిసారి చేసిన తప్పు చెప్తా. రెండేళ్ళ కిందట, లోడు దించి ఖాళీగా ఉన్న ఒక రోజు, బెంగళూరు రోడ్డులోనే ఒక ఊర్లో బోర్డు చూసి ఆగా. పెద్ద స్క్రీన్ ఆండ్రాయిడ్ ప్లేయర్, డబ్బా మీద '600 వాట్స్' అని మంటలు మండుతున్న బొమ్మ ఉన్న స్పీకర్లు, గంటన్నరలో పని అయిపోయింది, 11,000 చేతిలో పెట్టి వచ్చేశా. ఆ మొదటి సాయంత్రం మా వీధిలో పిల్లలంతా బండి చుట్టూ చేరారు. రెండో రోజు నుంచి మొదలైంది కథ. తాళం తీసి మళ్ళీ పెడితే టైము 12:00, ఎఫ్ఎం స్టేషన్లు మాయం, బ్లూటూత్ మళ్ళీ మొదటి నుంచి. ఆక్సిలేటర్ తొక్కితే స్పీకర్లో 'కుయ్య్య్' మని ఒక ఈల, గేరు మారిస్తే ఈల స్వరం కూడా మారేది, మా అల్లుడైతే "మామా, బండి పాడతాండాది" అని నవ్వేవాడు. ఏప్రిల్, మే నెలల్లో మా అనంతపురంలో 40 దాటుతుంది కదా, మధ్యాహ్నం అద్దాలెత్తి మండీలో నిలబెట్టిన బండిలో ఆ స్క్రీన్ వేడికి బిగుసుకుపోయి సాయంత్రం దాకా పలికేది కాదు. పోయి అడిగితే "వేడికి అంతే అన్నా" అన్నారు. మన జిల్లాలో బతకడానికి ఆ ప్లేయర్‌కు వీలుకాదని ముందే చెప్పుంటే బాగుండేది కదా.

అన్నిటికంటే విచిత్రం, అంత పెద్ద '600 వాట్స్' పెట్టినా బేస్ పాత కంపెనీ స్పీకర్ల కంటే తగ్గిపోయింది. ఎందుకో నాకు రెండేళ్ళు తెలియలేదు. తెలిసింది ఇదిగో, ఈ సందులో భాయ్ దగ్గర.

భాయ్ అనే అంటారు అందరూ, యాభై దాటి ఉంటాయి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని పనిచేస్తాడు. నేను పోయింది కొత్త స్పీకర్లు కొనడానికి. ఆయన అమ్మలేదు. ముందు నా పాత ప్లేయర్ ఆన్ చేయమని, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పాడు, విన్నాడు. కుడికి తిప్పాడు, విన్నాడు. మధ్యలో పెట్టాడు, నవ్వాడు. "ఒక్కొక్కటి వింటే బేస్ ఉండాది, రెండూ కలిస్తే పోతాండాది, చూసినావా అన్నా?" అన్నాడు. నిజంగానే! రెండేళ్ళు ఆ బండిలో కూర్చుని ఒక్కసారి కూడా బ్యాలెన్స్ తిప్పి చూడలేదు నేను.

తర్వాత డోర్ ప్యాడ్ విప్పి స్పీకర్ బయటికి లాగి, వైర్లు ఊడదీసి, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఒకటి తీసుకుని స్పీకర్ రెండు కాళ్ళకు అలా ఒక్క క్షణం తాకించాడు. కోన్ ఇటు, మన వైపుకు, పిసరంత ఉబ్బి మళ్ళీ వెనక్కి పోయింది. సెల్లు తిప్పి తాకిస్తే లోపలికి పీల్చుకుంది. బయటికి వచ్చినప్పుడు సెల్లు ప్లస్ ఏ కాలికి ఉందో అదే స్పీకర్ ప్లస్. ఇప్పుడు ప్లేయర్ నుంచి వచ్చే వైరు చూస్తే కుడి డోర్‌లో సరిగ్గానే ఉంది, ఎడమ డోర్‌లో ప్లస్ మైనస్ తారుమారు. అంటే కుడి స్పీకర్ గాలిని ముందుకు నెట్టే క్షణంలో ఎడమది వెనక్కి లాగుతోంది, ఒకటి నెట్టింది ఇంకోటి మింగేస్తోంది, బేస్ ఎక్కడి నుంచి వస్తుంది? రూపాయి ఖర్చు లేని తప్పు, రెండు వైర్లు అటుదిటు మార్చడమే. మీ బండిలో బేస్ తక్కువగా ఉందనిపిస్తే కొత్తవి కొనే ముందు ఈ బ్యాలెన్స్ పరీక్ష చేసుకోండి, పెన్సిల్ సెల్లు కూడా అక్కర్లేదు.

డోర్ లోపల ఏమేం దొరికాయో చెప్పకుండా ఉండలేను. ఎండిపోయిన టమోటా ఒకటి (అద్దం సందులోంచి ఎలా పోయిందో దేవుడికెరుక), ఒక పది రూపాయల బిళ్ళ, తడిసి ఆరిన డీజిల్ బిల్లు, మొదటి షాపు వాళ్ళు విరగ్గొట్టి లోపలే వదిలేసిన మూడు క్లిప్పులు. ఆ క్లిప్పులు లేకనే రెండేళ్ళుగా నా ఎడమ డోర్ కటకటలాడుతోంది, నేను బండి పాతదవుతోందిలే అనుకుంటున్నా. '600 వాట్స్' స్పీకర్ వెనక కోన్ అంచు తడికి మెత్తబడి ఊడిపోతోంది. మా జిల్లాలో ఏడాదికి పడే వానే దగ్గర దగ్గర 550 మిల్లీమీటర్లు, అయినా ఆ పడినప్పుడు అద్దం మీది నీళ్ళు రబ్బరు సందులోంచి డోర్ లోపలికే కారుతాయి, కింద సన్నని తూట్ల ద్వారా బయటికి పోతాయి, డోర్ల తయారీయే అంత. అందుకని కంపెనీ వాళ్ళు రేకుకు, ప్యాడ్‌కు మధ్య ఒక ప్లాస్టిక్ షీటు అంటిస్తారు. మొదటి షాపు వాళ్ళు దాన్ని చించి పారేశారు. నేను అక్కడే నిలబడి చూస్తూ ఉన్నా కూడా, అదేదో ప్యాకింగ్ కవరనుకున్నా.

ఇంక వాట్ల సంగతి. ఇది నాకు భాయ్ చెప్పింది, తర్వాత నేను లెక్క వేసుకుని సరిచూసుకున్నా. బండి నడుస్తున్నప్పుడు కరెంటు 14.4 వోల్టుల దగ్గర ఉంటుంది. స్పీకర్ 4 ఓమ్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు). విడిగా యాంప్లిఫైయర్ (పవర్ పెంచే డబ్బా) లేకుండా ఒట్టి ప్లేయరే ఆ వోల్టుల నుంచి ఒక స్పీకర్‌కు చీరుడు లేకుండా ఇవ్వగలిగేది లెక్క ప్రకారమే 25 వాట్లు చిల్లర, నికరంగా వచ్చేది 20కి లోపే. డబ్బా మీద '50 వాట్స్ ఇంటూ 4' అని రాసినా అంతే, ఇంకా పెద్ద అంకె రాసినా అంతే. పెద్ద అక్షరాల్లో ఉండేది పీక్, అంటే ఒక్క క్షణం లెక్క, కంటికి కనపడని సైజులో ఆర్ఎంఎస్ అని, ఆగకుండా ఇచ్చేదాని అంకె ఉంటుంది, అదే నిజం. మరి 20 వాట్లతో మోతగా పలకాలంటే ఏం చూడాలి? సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత మోత వస్తుందో ఆ లెక్క. డబ్బా వెనక 88 డీబీ, 90 డీబీ, 92 డీబీ అని ఉంటుంది, డీబీ అంటే మోతకు కొలత. 3 డీబీ ఎక్కువ ఉన్న స్పీకర్ సగం పవర్‌తోనే అంతే మోత ఇస్తుంది. అంటే 92 డీబీ స్పీకర్‌కు 20 వాట్లు ఇస్తే, 89 డీబీ స్పీకర్‌కు 40 వాట్లు ఇచ్చినట్టు. యాంప్లిఫైయర్ పెట్టుకోని మనలాంటోళ్ళకు ఇంతకంటే ముఖ్యమైన అంకె ఆ డబ్బా మీద లేదు. నేను 92 డీబీది తీసుకున్నా, ఆరున్నర అంగుళాలది, ట్వీటర్ మధ్యలోనే ఉండే కోయాక్సియల్ రకం, కోన్ కాగితం కాకుండా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. జత 3,400.

ట్వీటర్ విడిగా ఉండే కాంపొనెంట్ సెట్ పెట్టమని అడిగా, అద్దాల దగ్గర చిన్న ట్వీటర్లు ఉంటే చూడ్డానికి బాగుంటాయి కదా. భాయ్ నా ముఖం చూసి "నువ్వు కుడి డోర్‌కు ఆనుకుని కూర్చుంటావ్, ఆ ట్వీటర్ నీ చెవిలోనే కూస్తాది, ఎందుకు?" అన్నాడు. కార్లో అయితే పెట్టించుకోండి. సబ్‌వూఫర్ (ఒట్టి బేస్ కోసమే ఉండే స్పీకర్ పెట్టె) అడిగితే ఇంకా నవ్వాడు. పికప్ సింగిల్ క్యాబిన్‌లో సీటు వెనక జాకీ, స్టెప్నీ పానా, దుప్పటి, నీళ్ళ క్యాను పోను జాగా ఎక్కడుంది. సీటు కింద పట్టే పల్చటి 8 అంగుళాల పెట్టెలు వస్తాయి, దానికి బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాలి, ఇంకో 9,000 అవుతుంది అని చెప్పి, "ముందు ఇది విను, చాలకపోతే రా" అన్నాడు. తొమ్మిది వేల బేరాన్ని చేతులారా వదులుకునే దుకాణదారుణ్ణి నేను ఈ మధ్య ఇక్కడే చూశా.

ప్లేయర్ విషయంలో మాత్రం ఆయన మాట వినడానికి నాకు మనసొప్పలేదు. స్క్రీన్ లేనిది, చిన్నది, సింగిల్ డిన్ (డ్యాష్‌బోర్డులో ఒక వరస ఎత్తులో పట్టే సైజు), గుండ్రటి బటన్ తిప్పి వాల్యూమ్ పెంచేది చూపించాడు. పాత కాలం టేప్‌రికార్డర్ లాగా ఉంది. 6,800 అంట! అదే రేటుకు తొమ్మిది అంగుళాల స్క్రీన్ వస్తుంది కదా అని గంట సేపు వాదించా. ఆయన చెప్పిన కారణాలు రెండే, ఒకటి ఎండ, రెండోది చీకట్లో రోడ్డు మీంచి కన్ను తీయకుండా చేత్తో తడిమి తిప్పడానికి బటన్ కావాలి. మ్యాప్ కావాలంటే ఫోను ఉంది కదా అన్నాడు. ఇప్పుడు నాలుగు నెలలైంది, మొన్నటి మే నెల కూడా దాటింది, ఒక్కరోజు కూడా బిగుసుకుపోలేదు. ఆ బటన్ ఉంది చూడండి, చలికాలం మంకీ క్యాప్ పెట్టుకుని, చేతికి గ్లౌజు వేసుకుని కూడా తిప్పొచ్చు. ఆయనే గెలిచాడు.

వైరింగ్ దగ్గర నేను ఊరికే ఉండలేక పక్కనే కూర్చున్నా. పాత షాపు వాళ్ళు కంపెనీ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కోసేసి వైర్లు ఒకదానికొకటి మెలేసి నల్ల టేపు చుట్టారు, వేడికి టేపు జిగురు కారి అంతా బంక బంక. పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి తాళం లైనుకే కట్టేశారు. పసుపుది ఎప్పుడూ బ్యాటరీలో ఉండాలి, టైము, స్టేషన్లు గుర్తుండేది దాంతోనే. ఎర్రది తాళం పెడితే కరెంటు వచ్చేది. అందుకే నాకు తాళం తీసిన ప్రతిసారీ 12:00. నల్ల వైరు, అంటే ఎర్త్, డ్యాష్‌బోర్డు లోపల రంగు వేసిన బోల్టుకు చుట్టారు, రంగు మీద ఎర్త్ ఏం అందుతుంది, ఆ ఈల అక్కడి నుంచే. భాయ్ ఉప్పు కాగితంతో ఆ బోల్టు కింద రంగు గీకి తెల్లటి రేకు కనపడేదాకా రుద్ది, రింగు ముక్క పెట్టి బిగించాడు, ఈల అక్కడికక్కడ ఆగిపోయింది. రెండేళ్ళు విన్న ఈల, ఉప్పు కాగితం ముక్కతో! కొత్త కప్లర్ తెప్పించి, ప్రతి జాయింటు సోల్డరింగ్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడిగాడు. వైరు, కప్లర్, ఫ్యూజ్ అన్నీ కలిపి 700. మీది కొత్త బండి అయితే, వారంటీ ఉంటే, కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనివ్వొద్దు, మీ మోడల్‌కు కప్లర్ దొరుకుతుందా అని ముందు అడగండి, దొరకదంటే వేరే షాపుకు పోండి. లారీల వాళ్ళకు ఇంకో మాట, మీవి చాలా వరకు 24 వోల్టులు, ఈ ప్లేయర్లన్నీ 12 వోల్టులవి, మధ్యలో కన్వర్టర్ లేకుండా పెడితే ఆ క్షణమే పొగ.

ఇప్పుడు అసలు సంగతి. 2,600 పెట్టి నేను డోర్లకు డ్యాంపింగ్ షీట్లు వేయించా. ఒక వైపు వెండి రేకు, ఇంకో వైపు నల్లటి జిగురు రబ్బరు, చపాతీ కంటే కొంచెం మందంగా ఉంటుంది. మొదట చెప్పగానే "రేకుకు రబ్బరు అంటించడానికి రెండువేల ఆరు వందలా" అని లేచా. భాయ్ ఏం మాట్లాడకుండా నా డోర్ రేకును వేలి కణుపుతో కొట్టాడు, ఖాళీ నూనె డబ్బాను కొట్టినట్టు 'డబాంగ్' అని మోగి, ఆ మోత కాసేపు అలాగే ఉండిపోయింది. లోపలి వైపు అరచేయంత ముక్క అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కి, మళ్ళీ కొట్టాడు. 'దబ్'. అంతే, అక్కడికి ఆగిపోయింది, మంచి కొయ్య తలుపు కొట్టినట్టు. డోర్ మొత్తం కప్పాల్సిన పని లేదంట, స్పీకర్ వెనక, చుట్టూ, పెద్ద ఖాళీ రేకు మధ్యలో వేస్తే చాలు. కింద నీళ్ళు పోయే తూట్లు మాత్రం మూయకూడదు, మూస్తే డోర్ అడుగున నీళ్ళు నిలిచి తుప్పు. ఆ తూట్లకు ముందే చాక్‌పీసుతో గుండ్రాలు గీసుకుని పని మొదలుపెట్టాడు. చించేసిన ప్లాస్టిక్ షీటు బదులు మందపాటి కవరు కోసి అంటించాడు, స్పీకర్ పైన చిన్న రబ్బరు గొడుగు లాంటిది పెట్టాడు. స్పీకర్‌కు కొంచెం లోతు ఎక్కువ, దించిన అద్దం అయస్కాంతానికి తగులుతుందేమో అని అద్దం పూర్తిగా కిందికి దించి వేలు పెట్టి చూసి, ప్లాస్టిక్ రింగు వేసి స్పీకర్‌ను కాస్త ఇటు జరిపాడు. ప్లైవుడ్ రింగు వేయడు, తడికి ఉబ్బుతుందంట.

ఫలితం ఏంటంటే, స్పీకర్ సంగతి పక్కన పెట్టండి, డోర్ వేస్తే వచ్చే శబ్దమే మారిపోయింది. ముందు రేకుల షెడ్డు తలుపులా ఉండేది, ఇప్పుడు కార్ డోర్‌లా పడుతుంది. మా ఆవిడకు మొత్తం పనిలో నచ్చింది ఇదొక్కటే. రోడ్డు హోరు కూడా కొంచెం తగ్గింది, మరీ గొప్పగా ఏం కాదు, ఇంజను మోత కింద నుంచి వచ్చేది అలాగే ఉంది.

పాటల పరీక్ష నేను నా పద్ధతిలో చేశా. ఫోన్లో మా పక్క ఊరి జాతరలో తీసిన చెక్కభజన రికార్డింగ్ ఒకటుంది, చెక్కలు, గజ్జెలు, ముప్పై మంది అడుగులు. పాత సెట్టులో అది ఎవరో పళ్ళెంలో గులకరాళ్ళు పోసినట్టు ఉండేది. ఇప్పుడు చెక్క కొట్టిన 'టక్' వేరు, దాని వెనక గజ్జె వేరు, ఎడమ వైపు నుంచి వస్తున్న అడుగులు కుడి వైపు పోవడం తెలుస్తుంది. ఇంకోటి ఉరుముల వాళ్ళ వాయిద్యం, మన అనంతపురం వాళ్ళకు చెప్పక్కర్లేదు ఆ గుర్రుమనే మోత ఎలా ఉంటుందో. అది పెట్టి వాల్యూమ్ పెంచితే 28 దగ్గర చీరుడు మొదలైంది. భాయ్ ప్లేయర్లో హెచ్‌పీఎఫ్ అనే దాన్ని 80 హెర్ట్జ్‌కు పెట్టాడు, అంటే మరీ కింది స్వరాలు ఈ స్పీకర్లకు పంపకుండా ఆపేయడం. బేస్ తగ్గిపోతుందేమో అని నేను గొణిగా. కొంచెం తగ్గింది, నిజమే. కానీ చేయలేని పని మీద పడకపోవడంతో స్పీకర్ తేలికైపోయింది, 34 దాకా పెంచినా శుభ్రంగా ఉంది. అంతకు మించి పెంచాల్సిన అవసరం రాలేదు, వెనక వచ్చేవాడి హారన్ కూడా వినపడాలి కదా. ఉరుము గుండెల్లో మోగాలంటే మాత్రం సబ్‌వూఫర్ కావాల్సిందే, డోర్ స్పీకర్లతో అది రాదు, ఎవరైనా వస్తుందని అమ్మితే నమ్మొద్దు.

నచ్చనివి కూడా రాయాలి. "రెండు గంటలు" అన్న పని ఒకటిన్నర రోజు పట్టింది. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని పోయినోణ్ణి, మధ్యాహ్నం ఆకలికి మళ్ళీ అదే ఉగ్గాని తిన్నా, సాయంత్రం బండి డోర్లు విప్పి ఉండగానే వదిలేసి ఆటోలో ఇంటికి పోయా, ఆ రోజు కక్కలపల్లిలో ఒక బాడుగ పోయింది. మధ్యలో ఎవరో కారు వాళ్ళు వస్తే భాయ్ నా పని ఆపి వాళ్ళది చూశాడు, అడిగితే "పది నిమిషాలు" అని గంటన్నర. కంప్యూటర్ బిల్లు ఇవ్వడు, చేత్తో చీటీ రాసిస్తాడు, ప్లేయర్ వారంటీ కార్డు మీద సీలు వేయించుకోవడానికి నేను రెండుసార్లు తిరిగా. కూలి 1,500, పనికి న్యాయమే గానీ బేరం ఆడితే ముఖం ముడుచుకుంటాడు. ఫోన్ మాట్లాడే మైకు మొదట డ్యాష్‌బోర్డు కింద పెట్టాడు, అవతలి వాళ్ళకు ఇంజను తప్ప ఏం వినపడలేదు, మండీ దళారి "ఏం మిషన్‌లో ఉండావప్పా" అన్నాడు. తర్వాత పోతే అద్దం పక్క స్తంభం మీదకు, పై దాకా మార్చాడు, డబ్బులడగలేదు. ఇప్పుడు 60లో బానే వినపడుతుందంట, 80లో గట్టిగా మాట్లాడాలి. ఇంకా, ప్లేయర్ యూఎస్‌బీ మూత వదులు, గతుకుల్లో దానంతట అదే తెరుచుకుంటుంది. మట్టి పోకుండా నేను చిన్న టేపు ముక్క అంటించా.

నెల తర్వాత రమ్మన్నాడు, పోతే డోర్ స్క్రూలన్నీ ఒకసారి బిగించి, సందులో వదులైన వైరుకు ట్యాగు కట్టి పంపాడు. సరుకు బండికి అది తప్పనిసరంట, గతుకులకు అన్నీ వదులవుతాయి. ఇది ఆయన చెప్పకపోతే నేను పోయేవాణ్ణి కాదు.

మార్కులు అడిగితే పనికి 5లో 4.5, టైముకు 2. మళ్ళీ పోతానా అంటే పోతా, కాకపోతే బాడుగ లేని రోజు చూసుకుని, అన్నం క్యారియర్ తీసుకుని పోతా. 15,000 లేవు, కూలి పోను 6,000 మాత్రమే ఉన్నాయంటే నా సలహా, ప్లేయర్ ముట్టుకోవద్దు, ఉన్నదే ఉంచి డోర్ షీట్లు, ఒక జత మంచి సెన్సిటివిటీ స్పీకర్లు పెట్టించుకోండి. నాకు తేడా తెలిసింది అక్కడే. ప్లేయర్ వల్ల వచ్చింది సౌకర్యం, అంతే.

ఒక్క లోటు మాత్రం తీరలేదు, అది నాది కాదు, మా నాయనది. అప్పుడప్పుడూ ధర్మవరం దాకా నాతో వస్తాడు. ఎక్కగానే "కడప స్టేషన్ పెట్టరా" అంటాడు, మీడియం వేవ్ 900, చిన్నప్పటి నుంచి ఆయన చెవి దానికే అలవాటు. కొత్త ప్లేయర్లో ఎఫ్ఎం ఉంది గానీ మీడియం వేవే లేదు, కొనేటప్పుడు నేను అడగలేదు, ఈ కాలంలో చాలా వాటిలో ఉండటం లేదంట. మీ ఇంట్లో రేడియో వినే పెద్దాయన ఉంటే డబ్బా మీద ఏఎం (మీడియం వేవ్‌ను అలా రాస్తారు) అని ఉందో లేదో చూసి కొనండి. ఆరువేల ఎనిమిది వందల ప్లేయర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పెట్టి కొని కడప రాదా?" అన్నాడు. మరుసటిసారి తన జేబు రేడియో తెచ్చి డ్యాష్‌బోర్డు మీద రబ్బరు బ్యాండుతో కట్టాడు. ఫోన్ చార్జర్ పెడితే దాంట్లో గరగర వస్తుంది, అందుకని ఆయన ఉన్నంత సేపూ నా ఫోన్ చార్జింగ్ బంద్.